వరంగల్‌కు ఒక అంతరిక్ష నౌక కావాలి

వరంగల్ నగరానికి తక్షణం ఒక అంతరిక్ష నౌక అవసరమని ఎంతో ఆలోచించి తేల్చాను. నిజమైనది కాదు. నిజమైన వాటితో మనకున్న అనుభవం చాలు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ మాట చిన్నప్పుడు విన్నవాళ్లు ఇప్పుడు పింఛను తీసుకుంటున్నారు. మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం మూతపడిన నాలుగు దశాబ్దాల తర్వాత, 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. విమానం ఇంకా రావలసే ఉంది. నేను కోరేది చెక్క, ఇనుప గొట్టాలు, థర్మాకోల్‌తో మనిషి ఎక్కి కూర్చునేంత పరిమాణంలో కట్టిన ఉత్తుత్తి నౌక. అది ఎగరదు. ఎగురుతుందని ఎవరూ హామీ ఇవ్వరు కూడా. ప్రజా జీవితంలో ఇంత నిజాయితీ గల వాహనాన్ని నేను మరొకటి చూడలేదు.

ఖర్చు మాటేమిటని పెద్దలు అడుగుతారు. 2024లో ఒక తెలుగు సినిమా కోసం మహీంద్రా వాళ్లూ కోయంబత్తూరు జయం వాళ్లూ కలిసి 6 టన్నుల బుజ్జి అనే కారును తయారు చేశారు కదా, అది మన తాహతుకు మించిన పని కాదా అని. అయ్యా, బుజ్జికి ఉన్న జబ్బు నడవడం. ఖర్చంతా నడకదే. నడవనక్కర లేదని తీర్మానించిన మరుక్షణం పద్దులోంచి మోటారు, బ్యాటరీ, బ్రేకులు ఎగిరిపోతాయి. మన నౌకలో ఎగిరేవి అవే.

అసలు ఈ విద్య డబ్బు లేనివాళ్లదే. 1966లో మొదలైన ఒక అమెరికన్ టీవీ ధారావాహికలో, ప్రతి వారం ఏదో ఒక గ్రహం మీద నౌకను దింపే ఖర్చు భరించలేక, మనుషులను మిలమిలల మధ్య మాయం చేసి కిందికి పంపే యంత్రాన్ని కల్పించారు. లోకం దాన్ని భవిష్యత్ విజ్ఞానం అనుకుంది. ఇక 1977 నాటి స్టార్ వార్స్‌లో నేలకు జానెడు ఎత్తున తేలుతూ పోయే బండి ఉంది. దాని అడుగున ఉన్నది బాండ్ బగ్ అనే బ్రిటిష్ మూడు చక్రాల కారు. చక్రాలు కనబడకుండా అంచుల వెంట ఏటవాలుగా అద్దాలు బిగించారు. అద్దంలో ఇసుక కనబడుతుంది, చూసేవాడు బండి కింద ఖాళీ ఉందనుకుంటాడు.

ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు చక్రాలు! తెల్లవారుజామున వరంగల్ రైల్వే స్టేషన్ బయట నిలబడి చూడండి, ఎన్ని అంతరిక్ష నౌకలు హన్మకొండ, హన్మకొండ అని అరుస్తున్నాయో.

పనివాళ్ల కొరత కూడా లేదు. ఏటా భాద్రపదంలో కైలాసాన్నీ పాతాళాన్నీ ఎదురెదురు వీధుల్లో నిలబెట్టే మండపాల వాళ్లు మనకున్నారు. రామప్ప గుడి విమానానికి నీటి మీద తేలే ఇటుకలు వాడిన నేల ఇది; బరువు తగ్గించే కిటుకు మనకు ఒకరు చెప్పాలా? తుక్కు దుకాణాల్లోనైతే ఒక నక్షత్ర మండలానికి సరిపడా సరుకు మూలుగుతోంది. స్టార్ వార్స్ వాళ్లు నౌకల నమూనాల మీద బొమ్మ ట్యాంకుల ప్లాస్టిక్ విడిభాగాలు అతికించారు. మనకు పాత కూలర్ జాలీ, మిక్సీ గిన్నె మూత, చెడిపోయిన సెట్‌టాప్ బాక్సులోని బోర్డు చాలు. బూడిద రంగు కింద అవన్నీ ఒకే కులానికి చెందిన యంత్రాల్లా కనబడతాయి. కొత్త రంగు మెరిస్తే నమ్మకం పోతుందనీ, నల్ల రంగు నీళ్లలో కలిపి పూసి గుడ్డతో తుడిచి పాతబరచాలనీ విదేశీ నిపుణులు చెబుతారు. వేసవిలో గ్రానైట్ లారీలు తిరిగే దారిన ఒక వారం నిలబెడితే ఆ ఖర్చూ మిగులుతుంది.

మా వీధి యువజన సంఘం ఇప్పటికే నడుం బిగించింది. ఎడమ రెక్కను థర్మాకోల్‌తో చెక్కి, డబ్బా స్ప్రేతో వెండి రంగు కొట్టారు. రంగు తగిలిన చోటల్లా రెక్క సన్నగా చిటపటలాడింది, గుంటలు పడింది, అంచు లోపలికి ముడుచుకుంది. ముందు ఫెవికాల్ పూత, ఆరాక పుట్టీ, ఆ పైనే రంగు అని మండపాలకు రంగులు వేసే పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. అంతరిక్ష యుగంలో పెద్దల మాట ఎవరు వింటారు? అత్యవసర సమావేశంలో కోశాధికారి ఆ గుంటలను ఉల్కాపాతం వల్ల కలిగిన నష్టంగా పద్దు రాయించారు. ఏకగ్రీవ ఆమోదం.

పూజకు మరో చిక్కు వచ్చింది. స్టార్ వార్స్ బండి తరహాలోనే మా నౌక చక్రాలనూ అద్దాల వెనక దాచారు, మరి వాటి కింద నిమ్మకాయలు పెట్టడం ఎలా? అద్దాల ముందే పెట్టారు. రెండు కాయలు నాలుగుగా కనబడ్డాయి. శుభసూచకమని పూజారి గారు సెలవిచ్చారు. ముక్కు మీద ఎవరి ఫొటో ఉండాలన్న తగవు వేరే సంగతి. ప్రస్తుతానికి ముగ్గురు నాయకులు, ఒక చందాదారుడి మనవడు అక్కడ నవ్వుతున్నారు. వారి మధ్య పైలట్ ముందుకు చూడటానికి జానెడు కిటికీ మిగిలింది. టీజీ 03 పలక మాత్రం అందరికంటే ముందే బిగించారు.

ఇక మిగిలింది నౌకను బయటికి తీయడం. షెడ్డు గేటు 10 అడుగులు. నౌక, రెక్కలతో కలిపి, 12. గోడ పగలగొట్టడానికి ఇంటివారు ఒప్పుకోలేదు. ఎడమ రెక్క ఎలాగూ కరిగి కొంత తగ్గింది కాబట్టి, కుడి రెక్కకు కూడా పూత లేకుండా నేరుగా స్ప్రే కొడితే సరిపోతుందని కోశాధికారి ప్రతిపాదన. చర్చ సాగుతోంది.