ఆఖరి మందుకే సన్మానం

పులిపిరి వైద్యంలో తిరుగులేని సూత్రం ఒక్కటే: అది రాలిపోయే ముందు రోజు ఏది రాశారో అదే రామబాణం. అంతకుముందు ఏడాదిన్నర పూసినవన్నీ దండగ. ఈ లెక్కన ఆ రోజు చేతి గడియారం కుడి నుంచి ఎడమకు మార్చి ఉంటే, సన్మానం గడియారానికే చెందాలి.

అసలు సంగతి ఇంత రసవత్తరంగా ఉండదు. చర్మం పైపొరలో కాపురం పెట్టిన హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) పనే పులిపిరి. ఆ వైరస్‌లో గుర్తించిన రకాలే 200 దాటాయి. రోగనిరోధక శక్తి కళ్లు తెరిచి చూసిన రోజున చాలా పులిపిర్లు వాటంతటవే పోతాయి. పిల్లల్లో ఎక్కువ శాతం రెండేళ్లలోపే. పెద్దల్లో ఇంకా ఆలస్యం. కాబట్టి నొప్పి లేక, పాకక, పనికి అడ్డం రాని పులిపిరిని దాని మానాన వదిలేయడమూ వైద్యమే. చిక్కేమిటంటే, ఇందులో చేసేదేమీ లేదు గనుక చుట్టాలెవరూ మెచ్చరు.

అందుకే ముందుగా గోరు రంగంలోకి దిగుతుంది. గిల్లుతారు, కొరుకుతారు. ఒక పులిపిరిని అయిదు చేయాలనుకునేవారికి ఇది దివ్యమైన పద్ధతి. గోళ్లు కొరికేవారికి గోటి చుట్టూ తోరణంలా లేస్తాయి. గడ్డం మీద బ్లేడు నడిచిన దారి వెంబడే వరసగా నాట్లు పడతాయి. ఇక వేరు తవ్వే బాపతు వేరు. మధ్యలో కనిపించే నల్లచుక్కలు వేళ్లు కావు, రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు. తవ్వినకొద్దీ దొరికేది రక్తమూ మచ్చా తప్ప వేరు కాదు.

అరికాల్లో అయితే అది పులిపిరో, ఆనెకాయో తేలాలి. పక్కల నుంచి నొక్కితే కలుక్కుమనేది ఎక్కువగా పులిపిరి. నేరుగా పైనుంచి అదిమితే నొచ్చేది ఆనె.

మందుల్లో పాతకాపు సాలిసిలిక్ యాసిడ్. సీసా మీద తరచూ 17 శాతం అని ఉంటుంది. మూడు రోజులు భక్తిగా పూత, నాలుగో రోజు మరుపు, పదో రోజు ‘ఇది పనిచేయదు’ అని తీర్పు. పాపం అది అడిగేది రోజూ ఒక పూట, 12 వారాల దాకా. ముందు గోరువెచ్చని నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు నానబెట్టాలి. తెల్లగా ఉబ్బిన చర్మాన్ని గోళ్ల ఫైలుతో మెల్లగా అరగదీసి, రక్తం కనిపించకముందే ఆపాలి. ఆ ఫైలు ఇక పులిపిరికే అంకితం, దాంతో గోళ్లు దిద్దుకుంటే వైరస్‌కు కొత్త ఇల్లు చూపించినట్టే. చుట్టూ వాజలిన్ రాసి, పులిపిరి మీద మాత్రమే చుక్క మందు పెట్టి ఆరనివ్వాలి. నిన్నటి పొర తీయకుండా దానిమీదే పూస్తూ పోతే గోడకు సున్నం కొట్టినంత అందంగా ఉంటుంది గానీ, మందు చచ్చిన చర్మాన్నే మళ్లీ మళ్లీ చంపుతూ కూర్చుంటుంది. మంట పుడితే రెండు మూడు రోజులు సెలవు.

ఓపిక లేనివారికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో పులిపిరిని గడ్డకట్టించే వైద్యం. అదీ ఒక్క విడతతో తేలదు, రెండు మూడు వారాలకోసారి వెళ్లాలి. బొబ్బ లేస్తుంది. చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. టేపు అంటించే వైద్యానికి 2002లో ఒక అధ్యయనం జై కొట్టింది. ఆ తర్వాత వచ్చినవి అంతగా ఒప్పుకోలేదు. అయినా టేపు కీర్తి ఊడలేదు, అతుక్కోవడం దాని వృత్తి కదా.

ముఖం మీద, జననాంగాల దగ్గర ఉంటే మాత్రం సాలిసిలిక్ యాసిడ్ సీసా మూతే తీయకండి. మధుమేహం, పాదాల్లో స్పర్శ తగ్గడం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, ఇవేవైనా ఉంటే సొంత వైద్యం వద్దు. రక్తం కారేది, రంగు మారేది, వయసు మళ్లాక కొత్తగా మొలిచేది నేరుగా డాక్టరుకు చూపించాల్సిందే. చర్మ క్యాన్సర్‌కు పులిపిరి వేషం బాగానే నప్పుతుంది.

పోయిందో లేదో చర్మపు గీతలే చెబుతాయి. పులిపిరి ఉన్నంతకాలం అవి దాని దగ్గరికొచ్చి తెగిపోతాయి. నల్లచుక్కలు మాయమై, గీతలు మధ్యలోంచి మళ్లీ కలిస్తే పని అయినట్టే. ఆ వారంలోనే, రెండేళ్ల కిందట ఏదో చిట్కా చెప్పిన బంధువు ‘నేనప్పుడే చెప్పలా?’ అంటారు. ఔనని తలూపి, ఫైలు చెత్తబుట్టలో వేయండి.