శారాజీపేటకు ‘ఒకటి’, సాంబ మసూరికి ‘సున్నా’

పోచంపల్లి చీర మగ్గం ఎక్కే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పే పని అది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. చాలా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక, చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. పేటెంట్ మాత్రం 2011లో వచ్చింది.

ఏ ప్రాంతంలో కొత్త ఆవిష్కరణలు ఎక్కువో పేటెంట్ల సంఖ్యతో తేల్చేవాళ్ల పట్టికలో ఈ కథంతా 2011 కింద ‘ఒకటి’ అవుతుంది. అంతకు ముందు పన్నెండేళ్లు ఆ యంత్రం ఎన్ని చేతుల భారం దించిందో ఆ గడిలో కనిపించదు. కాగితం దాటి బయటికి రాని మరో పరికరానికి పడేదీ అదే ‘ఒకటి’.

సాంబ మసూరిదైతే ఇంకా అన్యాయం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204 అది. మన రెండు రాష్ట్రాల్లో ఆ బియ్యం తినని ఇల్లు అరుదు. కానీ పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(జె) ప్రకారం విత్తనాలకు, వంగడాలకు పేటెంట్ ఇవ్వరు. రైతు బతుకు గురించి ఆలోచిస్తే ఆ నిబంధన ఉండాల్సిందే, దాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. అయితే, వరి పండించే జిల్లాల ప్రతిభను ఆ చట్టం లెక్కలోకే తీసుకోని కొలతతో ఎలా కొలుస్తాం?

హైదరాబాద్ మందుల పరిశ్రమ అనుభవం మరోలా ఉంది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు పేటెంట్ ఇవ్వలేదు, తయారీ పద్ధతికే ఇచ్చింది. 2005 జనవరి 1 నుంచి మందుకు కూడా పేటెంట్ వచ్చింది. ఆ మధ్య కాలంలోనే ఇక్కడి కెమిస్టులు అదే మందును వేరే దారిలో, తక్కువ ఖర్చుతో చేయడం నేర్చుకున్నారు. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిందీ ఆ కాలంలోనే. యీల్డ్, అంటే అదే ముడిసరుకు నుంచి వచ్చే మందు, నాలుగు శాతం పెంచే కిటుకు దొరికితే చాలాసార్లు దాన్ని బయటపెట్టరు, ప్లాంటులోనే దాచుకుంటారు. పేటెంట్ తీసుకుంటే పద్ధతంతా లోకానికి చెప్పాలి కదా. పైగా విశాఖ దగ్గరి పరవాడ ప్లాంటులో పుట్టిన ఆలోచనకు హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉంటే, దరఖాస్తుదారు చిరునామా చూసి లెక్కించినప్పుడు అది హైదరాబాద్ ఖాతాలో పడుతుంది. కనీసం ఆవిష్కర్త నివసించే ఊరిని బట్టి లెక్కించాలి. ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి ఓఈసీడీ ప్రాంతీయ లెక్కలు అలాగే వేస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం కాలేజీల పరిస్థితి. కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పేటెంట్లకు మార్కులున్నాయి. 2021లో విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులు 80 శాతం తగ్గించారు. ఆ రాయితీ మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. కానీ దరఖాస్తు పెట్టిన 18 నెలలకు, పేటెంట్ ఆఫీసు దాన్ని పరిశీలించిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండానే, అది ప్రచురితమవుతుంది. ‘పబ్లిష్డ్’ అన్న మాట కాలేజీ పోస్టర్ మీదికి ఎక్కడానికి అది చాలు. ప్రమోషన్ టెన్షన్‌లో ఉన్న లెక్చరర్ ల్యాబ్‌లో కూర్చోవాల్సిన సాయంత్రాలు దరఖాస్తులు నింపడానికి పోతున్నాయి. నష్టపోయేది ఆ ల్యాబ్‌లో నేర్చుకోవాల్సిన పిల్లలు.

పేటెంట్ లెక్కలు దండగ అనడం లేదు. తేదీ, పేరు, రంగం అన్నీ ఉన్న ఇంత పెద్ద బహిరంగ రికార్డు మరొకటి దొరకడం కష్టం. దాన్ని సరిగా చదవాలి. పేటెంట్ బతికుండాలంటే మూడో ఏడాది నుంచి రెన్యువల్ ఫీజు కట్టాలి. పనికిరాదనుకున్నవాళ్లు ఎక్కువ కాలం కట్టరు. అందుకే ఎన్ని వచ్చాయని కాకుండా, ఎనిమిదేళ్ల తర్వాత ఎన్ని బతికున్నాయో జిల్లాలవారీగా చెప్పాలి. పేటెంట్ వాడకంలో ఉందో లేదో తెలిపే ఫారం 27ను 2024 సవరణతో ఏటా కాకుండా మూడేళ్లకోసారి ఇస్తే సరిపోతుందన్నారు. ఉన్న ఒక్క కిటికీని ఇరుకు చేసుకోవడమే ఇది. దాన్ని మళ్లీ ఏటా చేయాలి. దాని పక్కనే, జిల్లాలో ఉన్న పరిశోధన కేంద్రాలు విడుదల చేసిన వంగడాలు ఎన్ని ఎకరాల్లో సాగవుతున్నాయో ఇంకో గడిలో వేయాలి. వ్యవసాయ శాఖ దగ్గర పంటల లెక్కలు ఎలాగూ ఉంటాయి.