జాకెట్ల మీదికి తోసేస్తే సరిపోతుందా?
గోదావరిలో పాపికొండలకు వెళ్తున్న పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగి అంతమంది చనిపోవడానికి ప్రయాణికులు లైఫ్ జాకెట్లు తీసేయడమే ప్రధాన కారణం అన్నట్టు ఒకరు రాశారు, నేనైతే ఒప్పుకోను. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరదతో ఉంది, సుడులు తిరిగే ఆ మలుపు దగ్గరికి డెబ్బై మందికి పైగా ఎక్కిన బోటును అసలు ఎందుకు పోనిచ్చారు అన్నది కదా ముందు అడగాల్సింది? నేనూ ఒకసారి పాపికొండలు వెళ్లాను, ఎక్కేటప్పుడు జాకెట్లు ఇచ్చారు, పావుగంటకే ఉక్కపోత భరించలేక అందరం విప్పి కుర్చీ మీద వేసుకున్నాం, పైన డీజే పాటలు, డాన్సులు, వేసుకోండి అని సిబ్బందిలో ఒక్కరూ అనలేదు (మా పిల్లాడిది అయితే పెద్దవాళ్ల సైజు, మెడలోంచి జారిపోయేది). ఆ రోజు కొందరైనా బతికారంటే కచ్చులూరు గిరిజనులు పడవలేసుకుని ఎదురెళ్లి లాగబట్టే. బోటును పైకి తీయడానికి కూడా నెల దాటింది, అక్టోబర్ 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో లాగింది. 2017లో కృష్ణాలో బోటు, 2018లో ఇదే గోదావరిలో మంటూరు దగ్గర లాంచీ మునిగాయి. వాటిలోనూ తప్పు ప్రయాణికులదేనా మరి?