తాడు ఎక్కడ కడతారో చూసి మాట్లాడండి

"అమెరికాలో ఆంబోతు వృషణాలకు తాడు బిగించి, నొప్పికి అది ఎగురుతుంటే చప్పట్లు కొడతారు. ఆడేది తెల్ల మగాళ్ళే. ఆ క్రూరత్వానికి మ్యూజియం కూడా కట్టుకున్నారు." రోడియో అంటే ఎగిరే గుర్రాలు, ఆంబోతుల మీద స్వారీ చేసే, తాడు విసిరి పశువులను పట్టే అమెరికా పోటీలు. ఆ వీడియో ఎక్కడ కనబడినా కింద ఇదే మాట.

ముందు తాడు సంగతి. దాన్ని ఫ్లాంక్ స్ట్రాప్ అంటారు. కట్టేది వెనక కాళ్ళకు ముందు, నడుం చుట్టూ. వృషణాల జోలికి పోదు. రౌతును ఎగరేసే గుర్రాల్లో ఆడవి బోలెడు, విత్తులు కొట్టినవీ బోలెడు. వాటికీ ఇదే పట్టీ. లేనివాటిని ఎలా బిగిస్తారు స్వామీ? పట్టీ చిరాకు పెడుతుంది, నిజమే. అందుకే వెనక కాళ్ళు అంత గట్టిగా విసురుతాయి. కానీ ఎగిరే గుణం పుట్టుకతో ఉండాలి, దానికోసం జాతులు ఏరి పెంచుతారు. అన్నట్టు, ఈ ఆంబోతుల్లో చాలావాటిలో బ్రాహ్మన్ రక్తం ఉంటుంది. ఆ జాతిని అమెరికాలో తయారుచేసింది మన దేశపు పశువులతోనే. వాటిలో నెల్లూరు పేరుతో వెళ్ళిన మన ఒంగోలు జాతి కూడా ఉంది.

తెల్లవాళ్ళ ఆటేనా? రోడియో అనే మాటే స్పానిష్. తాడు విసిరే విద్య మెక్సికో పశువుల కాపరులది. పరిగెత్తే కోడెను కొమ్ములు పట్టి పడేసే పోటీకి ఆద్యుడు టెక్సస్ నల్లజాతి కౌబాయ్ బిల్ పికెట్. ఆయన కోడె పెదవిని పళ్ళతో కరిచిపట్టి మరీ పడేసేవాడు. 1982లో ఆంబోతు స్వారీలో ప్రపంచ ఛాంపియన్ అయిన చార్లీ శాంప్సన్ కూడా నల్లజాతివాడే. ఇద్దరికీ కొలరాడో స్ప్రింగ్స్‌లోని ప్రోరోడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటుంది. మీరు చెప్పే మ్యూజియం అదే, 1979లో తెరిచారు.

మగాళ్ళ విషయంలో మాత్రం సగం ఒప్పుకుంటాను. పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పే బ్యారెల్ రేసింగ్‌లో చార్మేన్ జేమ్స్ వరసగా పదేళ్ళు ప్రపంచ టైటిల్ గెలిచింది. 1985 ఫైనల్స్‌లో పరుగు మధ్యలో కళ్ళెం ఊడిపోయినా ఆమె గుర్రం స్క్యాంపర్ ఆగలేదు, ఆ రౌండ్ గెలిచింది. గుర్రానికి 1996లోనే ఆ హాల్‌లో చోటిచ్చారు. ఆమెకు 2017లో! అడగాలంటే ఇది అడగండి.

ఇక "క్రూరత్వానికి మ్యూజియం". అక్కడ గౌరవం మనుషులకే కాదు. పోటీల్లో 309 సార్లు ఎక్కినా, స్వారీ లెక్కలోకి రావడానికి కావలసిన 8 సెకన్లు ఏ రౌతునూ నిలవనివ్వని రెడ్ రాక్ అనే ఆంబోతు కూడా ఆ జాబితాలో ఉంది. దాని మీద 1988లో తొలిసారి నిలిచిన లేన్ ఫ్రాస్ట్, మరుసటి ఏడాదే షయెన్ ఊరి రోడియోలో ఇంకో ఆంబోతు పొడిచి చనిపోయాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు.

హింస లేదని నేననను. దూడను పట్టే పోటీ ఒకటుంది. పరుగు మీదున్న దూడ మెడలో ఉచ్చు పడుతుంది, గుర్రం ఠక్కున ఆగుతుంది, దూడ వెనక్కి విసిరేసినట్టు పడుతుంది. వీడియోల కింద రాసే ఆ మాటల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు.