ఇరవై రెండుసార్లు అదే మంటల్లోకి: బ్రూస్ క్రాండల్ సాహసాన్ని ఎలా చూడాలి?

1965 నవంబర్ 14న వియత్నాంలోని యా డ్రాంగ్ లోయలో, చూ పాంగ్ కొండ దిగువన 'ఎక్స్-రే' అని పేరు పెట్టుకున్న చిన్న మైదానంలో దిగిన అమెరికా బెటాలియన్‌పై ఉత్తర వియత్నాం సైన్యం విరుచుకుపడింది. ఆ బెటాలియన్‌ను అక్కడికి చేరవేస్తున్న హెలికాప్టర్లకు నాయకుడు మేజర్ బ్రూస్ క్రాండల్. ఆ ఒక్కరోజే ఆయన పద్నాలుగు గంటలకు పైగా గాలిలో గడిపి 22 సార్లు ప్రయాణించారు. వాటిలో ఎక్కువ భాగం తీవ్రమైన కాల్పుల మధ్యే సాగాయి. ఈ సాహసాన్ని ఆవేశంలో చేసిన తెగింపుగా చెప్పుకోవడం ఆయనకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

నాలుగో విడత సైనికులను దింపేటప్పుడు కాల్పులు మొదలయ్యాయి. ఐదో విడతలో క్రాండల్‌తో పాటు మొదటి ఎనిమిది హెలికాప్టర్లు దిగేసరికి తూటాల తీవ్రత ఎంతగా పెరిగిందంటే, వెనక వస్తున్న ఎనిమిదింటినీ దిగవద్దని నేల మీదున్న కమాండర్ హాల్ మూర్ ఆదేశించారు. క్షతగాత్రులను తరలించే హెలికాప్టర్లు అక్కడ దిగడానికి నిరాకరించాయి. గాయపడినవారిని తీసుకురావడం క్రాండల్‌కు అప్పగించిన పని కాదు, ఆయన రాలేదని తప్పుపట్టే అవకాశమూ ఎవరికీ లేదు. అయినా వెనక్కి వెళ్తూ ఆయన ఆలోచించింది మందుగుండు అయిపోతున్న సైనికుల గురించే. దూరం తగ్గించడానికి తన స్థావరాన్ని ప్లే మీ నుంచి 'ఫాల్కన్' ఫిరంగి స్థావరానికి మార్చారు, వెంట వచ్చేదెవరని అడిగారు, కెప్టెన్ ఎడ్ ఫ్రీమన్ ముందుకొచ్చారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా దూరాన్ని, ఇంధనాన్ని, సమయాన్ని లెక్కవేసుకున్న బుర్ర అది.

క్రాండల్ నడిపిన హ్యూయీ రకం హెలికాప్టర్ దిగే తీరు తెలిస్తే ఆ లెక్క బరువు ఇంకా తెలుస్తుంది. నేలకు చేరువయ్యే కొద్దీ వేగం పూర్తిగా తగ్గించుకోవాలి. పైలట్ రెండు చేతులూ రెండు కాళ్లూ నియంత్రణల మీదే ఉంటాయి కాబట్టి ఎదురుకాల్పులు జరపడం కుదరదు, ముఖానికి అడ్డంగా ఉండేది పలుచని ప్లాస్టిక్ అద్దమే. మందుగుండు పెట్టెలు దించి, గాయపడినవారిని ఒక్కొక్కరినీ లోపలికి చేర్చేంత వరకు యంత్రాన్ని కదలనివ్వకూడదు. మొదటిసారి వెళ్లేవాడికి అక్కడ ఏముందో తెలియకపోవచ్చు. పదిసార్లు వెళ్లివచ్చినవాడికి తూటాలు ఎటునుంచి వస్తాయో, తన హెలికాప్టర్‌కు ఏం జరగబోతోందో బాగా తెలుసు. తూటాలకు దెబ్బతిన్న హెలికాప్టర్లను వదిలి మరోటి తీసుకుని మరీ క్రాండల్ వెళ్లారు. ఆయన, ఫ్రీమన్ కలిసి దాదాపు 70 మంది క్షతగాత్రులను బయటికి తెచ్చారు.

వియత్నాం యుద్ధం న్యాయమైనదా అన్న ప్రశ్నకు ఈ సాహసం జవాబు కాదు, దాన్ని అలా వాడుకోకూడదు కూడా. ఎక్స్-రేలో మూడు రోజుల్లో 79 మంది అమెరికన్లు మరణించారు, వియత్నామీయుల ప్రాణనష్టం అంతకు ఎన్నో రెట్లు. అయితే యుద్ధాన్ని నిర్ణయించినవారి తప్పొప్పులను, రక్తమోడుతున్నవారి కోసం తిరిగివెళ్లిన పైలట్ లెక్కలో వేయడం సరికాదు. అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఫ్రీమన్‌కు 2001లో, క్రాండల్‌కు 2007లో, అంటే నలభై ఏళ్లు దాటాక దక్కింది. ఇంత ఆలస్యాన్ని ఏ నిబంధనలూ సమర్థించలేవు. ఆ పతకంతో నిమిత్తం లేకుండానే, ఎక్స్-రే నుంచి వచ్చిన మూడు నెలలలోపే, 1966 జనవరిలో ఒక రాత్రి దట్టమైన చెట్ల మధ్య ఇరుకు సందులోకి హెలికాప్టర్‌ను దించి, గాయపడిన మరో పన్నెండు మందిని క్రాండల్ తీసుకొచ్చారు.