ఖాళీ గడి ఖాళీగానే కనిపించాలి

మొన్న ఒక సాయంత్రం మా పేటలోని శాఖా గ్రంథాలయానికి వెళ్తే గేటుకు తాళం. పక్కన పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది: ‘సిబ్బంది డ్యూటీ నిమిత్తం బయట ఉన్నారు’. లైబ్రరీ ఉద్యోగికి లైబ్రరీ కాకుండా వేరే డ్యూటీ ఏమిటో నాకు అర్థం కాలేదు. నాకంటే ముందే వచ్చిన నలుగురు కుర్రాళ్లకు మాత్రం ఆ అనుమానమే రాలేదు. మెట్ల మీద కూర్చుని ఫోన్లో కరెంట్ అఫైర్స్ చదువుకుంటున్నారు. వాళ్లకు అలవాటైపోయింది.

లైబ్రరీల ఊసొస్తే చాలు, వైఫై, ఏసీ, ఈ-బుక్స్, కొత్త భవనం అంటూ చర్చ మొదలవుతుంది. అదంతా మీకు తెలిసిందే. ఆ భవనంలో ఏ గంటకు ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ లెక్క కట్టడానికి డ్యూటీ రోస్టర్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. లిబ్‌స్టాఫర్ లాంటివి ప్రత్యేకంగా లైబ్రరీల కోసమే తయారయ్యాయి. హైదరాబాద్ లైబ్రరీలకూ అలాంటిది కావాలి, అదీ త్వరగా కావాలి అంటాను. కాకపోతే అమ్మేవాళ్లు చెప్పే కారణానికి కాదు. వాళ్లు టైమ్ ఆదా అంటారు, నాకు కావలసింది సాక్ష్యం.

ఇప్పుడు ఈ పని ఎలా నడుస్తోందో చూడండి. ఒక లాంగ్ నోట్‌బుక్, స్కేలు, పెన్సిలు. కాస్త ముందున్న చోట ఎక్సెల్ షీటు. మా వీధిలో ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ గారున్నారు. ‘డ్యూటీ చార్ట్ ఎలా వేసేవారండీ?’ అని అడిగితే, ‘చార్ట్ ఏముంది బాబూ, అంతా బుర్రలోనే’ అని నవ్వారు. ఆ బుర్రలో ఉన్నది ఒక గంట కూర్చుని రాయించుకున్నాను. ఒక అటెండర్‌కు మోకాళ్ల నొప్పులు, నిచ్చెన ఎక్కే పని వేయకూడదు. ఇంకొకాయన బస్సు ఏడుంపావుకి తప్పితే మళ్లీ ఎనిమిది దాటాకే. ఇష్యూ, రిటర్న్ కంప్యూటర్లో ఎక్కించడం ఒక్కరికే వచ్చు, ఆవిడకు ఆదివారం వీక్లీ ఆఫ్ ఇస్తే కౌంటర్ మూతపడ్డట్టే. బ్యాగులు పెట్టే కౌంటర్ దగ్గర మనిషి లేకపోతే ఒక్కరోజులో గొడవ. ఇద్దరికి మాటల్లేవు, వాళ్లను ఒకే సెక్షన్లో వేస్తే పాఠకుడు ఇద్దరి మధ్య నలిగిపోతాడు. బోనాలు, నిమజ్జనం, రంజాన్ నెలలో గంట ముందు వెళ్లే వెసులుబాటు, వీటికి తోడు ఎన్నికల పని. పేజీ నిండి వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

ఈ పేజీ ఆ పెద్దమనిషితోపాటు రిటైరైపోయింది. తర్వాత వచ్చినవాళ్లు మొదటినుంచి దెబ్బలు తిని నేర్చుకున్నారు. సాఫ్ట్‌వేర్ ప్లాన్ చేయడమంటే ముందు ఈ పేజీని కాగితం మీద పెట్టడం. స్క్రీన్ ఏ రంగులో ఉండాలన్నది ఆ తర్వాతి సంగతి.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్నే తీసుకోండి. 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టింది. అక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌తో పాటు మరాఠీ, కన్నడ పుస్తకాలూ ఉన్నాయి. అలాంటి చోట ‘ఎవరు ఖాళీగా ఉన్నారు’ అంటే సరిపోదు, ‘ఎవరికి ఏ లిపి వచ్చు’ అని కూడా అడగాలి. ఉర్దూ చదవగల ఉద్యోగి సెలవు పెట్టిన రోజు పాత ఉర్దూ పత్రిక కోసం వచ్చిన పరిశోధకుడికి కుర్చీ దొరుకుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, పత్రిక మాత్రం బయటికి రాదు. విదేశీ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి అలాగే పెట్టేస్తే ఈ గడి అందులో ఉండదు. నిమజ్జనం రోజు మొజంజాహీ మార్కెట్ వైపు రోడ్లు మూసేస్తారని కూడా దానికి తెలియదు. మనమే చెప్పాలి.

చిన్న లైబ్రరీకి ఇంత హంగామా ఎందుకనేవాళ్లు ఒక లెక్క వేసి చూడాలి. ఆరుగురు మనుషులు, ఆరు చోట్లు. ఒక పూటకు వాళ్లను 720 రకాలుగా కూర్చోబెట్టొచ్చు. రోజుకు రెండు పూటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 12 పూటలు. 720ని పన్నెండుసార్లు వేసుకుని గుణిస్తే సుమారు 2 పక్కన 34 సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుంది. ఇందులోంచి అందరి షరతులకూ సరిపోయే ఒక్క చార్ట్‌ను పెన్సిల్‌తో పట్టుకోవాలి. ఆస్పత్రి నర్సుల డ్యూటీలదీ ఇదే చిక్కు, గణితంలో దాన్ని నర్స్ షెడ్యూలింగ్ సమస్య అనే పిలుస్తారు. దీన్ని విప్పే పనిముట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. గూగుల్ ఇచ్చిన ఓఆర్-టూల్స్ ఓపెన్ సోర్స్, నర్సుల డ్యూటీ ఉదాహరణ కూడా అందులోనే ఉంది. లైబ్రరీలు పుస్తకాల కోసం వాడే కోహా కూడా ఓపెన్ సోర్సే. న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ సంస్థ తన అవసరం కోసం చేయించుకుని, 2000లో లోకానికి వదిలేసింది. ఐటీ నగరమని చెప్పుకునే మనకు డబ్బుల్లేవన్న సాకు నప్పదు.

నన్ను ఊరించే విషయం ఇప్పుడొస్తోంది. ఈ సాల్వర్‌కు, అంటే ఇలాంటి చిక్కు విప్పే ప్రోగ్రాముకు, షరతులన్నీ ఇచ్చి చార్ట్ వేయమంటే, అవన్నీ తీరే దారి లేనప్పుడు అది మొహమాటపడదు. ‘సాధ్యం కాదు’ అని చెప్పేస్తుంది. ఖాళీ వదలొచ్చని చెప్పి ముగ్గురితో ఆరు చోట్లు నింపమంటే మూడు గడులు ఖాళీగా చూపిస్తుంది. మన నోట్‌బుక్ ఎప్పుడైనా ఇలా చెప్పిందా? నోట్‌బుక్‌లో ప్రతి గడిలోనూ ఒక పేరు ఉంటుంది. ఒకే పేరు మూడు గడుల్లో ఉంటుంది, అంతే తేడా. ఆ పేరుగల మనిషి కౌంటర్ నుంచి షెల్ఫ్‌కి, షెల్ఫ్ నుంచి గేటుకి పరిగెడుతుంటాడు. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్ తిరగేసి ‘అన్నీ నిండాయిగా’ అని సంతకం పెట్టి టీ తాగి వెళ్తాడు. ఖాళీ పోస్టు పైకి కనిపించకుండా దాచే పని మన రోస్టర్ ఏళ్ల తరబడి శ్రద్ధగా చేస్తోంది.

నా గొడవ అసలు లైబ్రరీలతోనే కాదు, ‘సర్దుకోండి’ అనే మాటతో. ఇద్దరు టీచర్లు చేయాల్సిన బడిని ఒక్కరు సర్దుకుంటారు. డాక్టర్ రాని రోజు నర్సు సర్దుకుంటుంది. సర్దుకున్నవాళ్లను ఆగస్టు 15న శాలువాతో సత్కరిస్తాం, పోస్టు మాత్రం భర్తీ చేయం. ఎందుకు చేస్తాం, పని నడుస్తోందిగా! లైబ్రరీల్లో దీనికి ఉద్యమ చరిత్ర కూడా తోడైంది. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లు, 1935లో కాలువల మీద పడవలో పుస్తకాలు మోసినవాళ్లు జీతం అడిగారా అని వేదికల మీద ఉద్యోగికి పాఠం చెబుతారు. ఆ ఉద్యమమంతా ఏ చట్టం కోసం సాగిందో మరిచిపోతారు. 1960 గ్రంథాలయాల చట్టం వచ్చాక లైబ్రరీ దయాధర్మం మీద నడిచేది కాదు. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్. మీ ఆస్తి పన్ను 5,000 అయితే దాని మీద ఇంకో 400 రూపాయలు సెస్ కిందే చెల్లిస్తున్నారు. వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సరిగ్గా జమ కావడం లేదన్న ఫిర్యాదు పేపర్లలో పాతబడిపోయింది కూడా. ముందే డబ్బు కట్టినవాడిని మెట్ల మీద కూర్చోబెట్టి, సేవాభావం గురించి ఉపన్యాసమా?

అభ్యంతరం ఒకటుంది, తేలిగ్గా కొట్టేయలేను. ఇలాంటి సాఫ్ట్‌వేర్ చివరికి ఉద్యోగి మెడకే చుట్టుకుంటుందని యూనియన్‌వాళ్లు భయపడతారు. అమెరికాలో షాపులు, హోటళ్లు ఈ రకం ప్రోగ్రాములు పెట్టుకుని రాత్రికి రాత్రి డ్యూటీలు మార్చేస్తుంటే, సియాటిల్ నగరం 2017లో ఏకంగా చట్టం అమలు చేసి 14 రోజుల ముందు చార్ట్ ఇవ్వాలని పెద్ద కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది. నిజమే. అందుకే ఆ 14 రోజుల నియమాన్ని మన ప్రోగ్రాములోనే మొదటి షరతుగా రాయండి, ఉద్యోగి ఎక్కడున్నాడో కనిపెట్టే పని దానికి అప్పగించకండి. నోట్‌బుక్‌లో అన్యాయం జరగదని మాత్రం నాతో అనకండి. పెద్దసార్‌కు దగ్గరవాళ్లకు పండగ సెలవులు, ఔట్‌సోర్సింగ్ కుర్రాడికి ప్రతి ఆదివారం డ్యూటీ. ఇది పెన్సిల్‌తో రాసిందే.

పాఠకుడి సమయం ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రం చెప్పారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చిన నెలలో కుర్చీ కోసం వేచి ఉన్న అశోక్‌నగర్ హాస్టల్ కుర్రాడి సమయాన్ని ఏ చార్టూ లెక్కలోకి తీసుకోలేదు. గేటు రిజిస్టర్లో సంతకాలు రోజూ పడుతూనే ఉన్నాయి. ఏ గంటకు ఎందరు వచ్చారో లెక్కపెడితే మనుషులు ఎప్పుడు ఎక్కువ కావాలో తెలిసిపోతుంది. అయినా ఆ రిజిస్టర్ నిండగానే బీరువా పైకి ఎక్కుతుంది.

కాబట్టి టెండర్ రాసే అధికారులకు నా విన్నపం రెండు వాక్యాలే. ఒకటి, ఖాళీ గడిలో ఇంకో చోట డ్యూటీలో ఉన్న మనిషి పేరు ఎక్కించే వీలు అందులో ఉండకూడదు. రెండు, ప్రతి వారం చార్ట్ ప్రింట్ తీసి గేటు దగ్గర, పేపర్లు వేసే బల్ల పక్కన అంటించాలి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ వస్తాయి. వ్యాసరచన పోటీ బ్యానర్ కట్టే గోడకే ఆ చార్ట్ కూడా అంటించండి. రిబ్బన్ కట్ చేయడానికి వచ్చే అతిథి లోపలికి వెళ్తూ ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టుకుంటాడు.