గాజు ఫ్యాక్టరీ నడపడం ఎలా?

అమెరికాలో గాజుసామాను కంపెనీ పెట్టాలనుకునే ఔత్సాహికులకు నాదొక విన్నపం. గాజు జోలికి మాత్రం పోకండి. చేసినవాళ్లు ఏం బావుకున్నారని!

ఒహాయోలోని లాంకాస్టర్‌లో ఐజాక్ కాలిన్స్ 1905లో హాకింగ్ గ్లాస్ పెట్టాడు. 1924లో ఫ్యాక్టరీ కాలి బూడిదైంది. తెలివైనవాడైతే చేతులు దులుపుకునేవాడు, ఈయన మళ్లీ కట్టాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో జనం దగ్గర చిల్లర కూడా లేకపోతే, నిమిషానికి 90 గ్లాసులు దించే యంత్రం పెట్టి 5 సెంట్లకు రెండు చొప్పున అమ్మారు. 1937లో అది యాంకర్ హాకింగ్ అయింది. కరిగిన గాజు ఎర్రటి ముద్దగా అచ్చులో పడాలి, పైనుంచి ఒత్తాలి, కప్పు బయటికి రావాలి: రాత్రింబవళ్లు ఇదే చాకిరీ. దాదాపు 1500 డిగ్రీల ఫర్నేస్‌ను పండక్కి కూడా ఆర్పకూడదు. చల్లారితే గాజు లోపలే గడ్డకడుతుంది. ఎందుకొచ్చిన టెన్షన్?

అసలు విద్య తర్వాత వచ్చింది. 1987లో నూవెల్ అనే ఇంటిసామాన్ల కంపెనీ దాన్ని కొంది. 2001లో లిబ్బీ అనే పోటీ గాజు కంపెనీ కొంటానంటే, హోటళ్లకు గ్లాసులమ్మే వ్యాపారంలో పోటీ పోతుందని ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడింది. పోటీ బతికింది. 2004లో కంపెనీ సెర్బరస్ అనే పెట్టుబడి సంస్థ చేతికెళ్లింది, రెండేళ్లకే దివాలా! 2007లో మోనోమోయ్ అనే మరో పెట్టుబడి సంస్థ వచ్చింది. 2012లో చెంచాలమ్మే ఒనైడాతో ముడిపెట్టి ఎవ్రీవేర్ గ్లోబల్ అని నామకరణం చేశారు. మరుసటేడు కంపెనీ నెత్తిన 25 కోట్ల డాలర్ల అప్పు పెట్టి స్టాక్ మార్కెట్ ఎక్కించారు. పాత వాటాదారులకు నగదు అందింది. అప్పు ఒకరిది, పప్పుకూడు మరొకరిది. 2014లో లాంకాస్టర్‌లో కొన్ని వారాలు పని ఆగింది. 2015లో మళ్లీ దివాలా.

ఆ కంపెనీ కొలత కప్పు మీద పావు, అర, ముప్పావు అని ఎర్ర గీతలుంటాయి. పాలెంత పొయ్యాలో చెప్పే గీత ఉంది, అప్పెంత పొయ్యాలో చెప్పేది ఏదీ అని చాదస్తులు అడుగుతారు. పట్టించుకోకండి.

పోటీదారు పైరెక్స్‌దీ అదే చదువు. 1915లో కార్నింగ్ అనే కంపెనీ మొదలుపెట్టిన గాజు వంటసామాను బ్రాండది. 1998లో కార్నింగ్ వంటసామాను వ్యాపారాన్ని వదిలించుకుంది. కొన్న కంపెనీ 2002లో ఒకసారి, పేర్లూ యజమానులూ మారాక 2023లో ఇంకోసారి దివాలా కోర్టు మెట్లెక్కింది. చివరికి యాంకర్ హాకింగ్ యజమాని, పెట్టుబడి సంస్థ సెంటర్ లేన్ పార్ట్‌నర్సే ఆ వ్యాపారాన్ని తీసుకుని, పెన్సిల్వేనియాలోని చార్లెరాయ్ ఫ్యాక్టరీ మూసి పనిని లాంకాస్టర్‌కు తరలిస్తామని 2024లో ప్రకటించింది. చార్లెరాయ్‌లో దాదాపు 300 మంది పనిచేసేవారు. పైరెక్స్ కప్పూ దాని పోటీ కప్పూ ఇక ఒకే ఇంటి పిల్లలు. పోటీని కాపాడిన ఆ కమిషన్‌వారికి ఎవరైనా కబురు పెట్టండి.